మొక్కింది ఒకరు, జుట్టు ఇంకొకరిది

మా ముందుగది గోడ మీద ఒక ఆడపిల్ల ఫోటో ఉంది. కళ్ళకు కాటుక, చేతుల నిండా గాజులు, నడుము దాటిన పూలజడ. జడ కూడా కనిపించాలని వెనక అద్దం పెట్టి తీసిన స్టూడియో ఫోటో. ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళు దాని ముందు ఆగి, "పిల్ల ఎంత ముద్దుగున్నది, ఎవరీమె?" అని అడుగుతారు. ఆ పిల్ల నేనే. నా బతుకు మొత్తంలో నన్ను చూసి ముద్దుగున్నానని జనం అన్నది ఆ ఒక్క ఫోటోలోనే, అదీ ఆడపిల్లననుకొని. ఇప్పటి నా తల సంగతి చెప్పాలంటే, ఎండాకాలం నేను నా జంపకానాల కొట్టు ముందుకొచ్చి నిలబడితే ఎదురుగా వచ్చే ఆటోవాళ్ళు కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుంటారు.

పోయిన వారం మా అమ్మాయి వైష్ణవితో పాటు ఆమె క్లాసు పిల్ల ఒకతె ఇంటికి వచ్చింది. ఫోటో చూసి, "అంకుల్, ఈమె మీ సిస్టరా?" అంది. నేను నోరు తెరిచేలోపే వైష్ణవి అందుకుంది. "మా డాడీ ఆయనె. మా నాయనమ్మ మొక్కుకున్నదట. మా ఇంట్ల అంతే, పెద్దలు మొక్కుతరు, పిల్లలు జుట్టు పెంచుతరు." స్నేహితురాలు పడీపడీ నవ్వింది. వైష్ణవి కూడా నవ్వింది కాని, నవ్వుతూ నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు నాకు తెలిసిందే. ఒక ప్రశ్న అడిగి, జవాబు రాక, ఇంకా వాకిట్లో నిలబడి ఉన్న మనిషి చూపు అది. వాళ్ళు వెళ్ళాక ఫోటో కిందికి దించి, పంచె కొంగుతో తుడిచి, చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

మేం నేతగాళ్ళుండే కొత్తవాడలో ఉండేవాళ్ళం. ఇంట్లో సగం గుంట మగ్గానిది, మిగిలిన సగంలో మేం సర్దుకునేవాళ్ళం. మా బాపు పొద్దున చాయ్ తాగి గుంటలో కాళ్ళు పెట్టాడంటే అన్నానికే పైకి లేచేది. జంపకానా నేసే చప్పుడు వినపడకపోతే మాకు నిద్ర పట్టేది కాదు, నిద్ర లేచేదీ ఆ చప్పుడుకే. రంగులో ముంచిన నూలు దండెం మీద ఆరేస్తే ఇల్లంతా ఒక తడి వాసన, పులుపూ కాదు, చేదూ కాదు, ఇప్పటికీ ఏ దుకాణంలోనైనా ఆ వాసన తగిలితే నేను సరుకు చూడటం మానేసి అమ్మను వెతుక్కుంటాను. అమ్మ గోడకు ఆనుకొని కండెలు చుట్టేది. చుడుతూ మాట్లాడేది, చుడుతూ తిట్టేది, చుడుతూ దేవుడితో కూడా అట్లాగే మాట్లాడేది, పక్కింటామెతో మాట్లాడినట్టు.

నాకంటే ముందు పుట్టినవాళ్ళు నిలవలేదు. నేను కడుపులో పడ్డప్పుడు అమ్మ ఐనవోలు మల్లన్న దగ్గరికి పోయి, "ఈసారి నిలబెట్టు తండ్రీ, పుట్టువెంట్రుకలు నీకే, మా అన్న ఒళ్ళె కూసోబెట్టి తీయిస్త" అని మొక్కింది. నేను నిలిచాను. వెంట్రుకలు కూడా నిలిచాయి, అవే ఎక్కువ నిలిచాయి. ఎందుకంటే మా వైపు పుట్టువెంట్రుకలు తీయాలంటే మేనమామ ఒడి కావాలి. ఆ ఒడి పరకాల దగ్గర పల్లెలో ఉంది, మా బాపు దానితో మాట్లాడటం మానేశాడు.

కారణం వింటే నవ్వుతారు. మామ ఇంట్లో ఏదో పండుగకు మేకను కోశారు. తలకాయ కూర ఇంటి అల్లుడికి పెట్టాలి, అందులోనూ పెద్దల్లుడికి. వడ్డించేవాళ్ళు ఎవరో చూసుకోక చిన్నల్లుడి విస్తట్లో వేశారు. బాపు తడి చేత్తోనే లేచి, చెప్పులు వేసుకొని, అమ్మను, చంకలో నన్ను వెంటబెట్టుకొని బస్సెక్కాడు. మామ ఆపలేదు. ఆపకపోవడం రెండో తప్పు. అట్లా మేక తలకాయ మీద మొదలైన పంచాయితీ నా తలకాయ మీదికి వచ్చింది. బాపు పిలవడు, మామ రాడు. వేరే ఎవరి ఒడిలోనైనా కూర్చోబెట్టి కానిద్దామని వాడకట్టు పెద్దమనుషులు అంటే అమ్మ వినలేదు. "మొక్కింది మొక్కినట్టె కావాలె. దేవునికి ఒకటి చెప్పి ఒకటి చేస్తమా?" అనేది. నా జుట్టు మాత్రం ఎవరి కోపంతోనూ పని లేకుండా పెరుగుతూ పోయింది.

అట్లా జడతోనే బడికి పోయాను. మొదటి రోజు సారు నన్ను ఆడపిల్లల వరుసలో కూర్చోబెట్టాడు, మధ్యాహ్నం దాకా ఎవరికీ తెలియలేదు, నాకు చెప్పాలనిపించలేదు, అక్కడ కొట్టేవాళ్ళు తక్కువ. తెలిశాక మగపిల్లలు ఊరుకుంటారా. జడ పట్టి లాగేవాళ్ళు, పూలు కొనిస్తామనేవాళ్ళు. అప్పుడే నాకు ఒక ఉపాయం దొరికింది. వాళ్ళు అనేలోపే నేనే అనేసేవాణ్ణి. "నన్ను చేసుకుంటవా? మా బాపు నీకు జంపకానా పెడతడు" అంటే వాళ్ళ నోరు మూతపడేది. నా చదువు ఏడో తరగతిలో మూతపడింది గాని, ఆ రోజు తెరిచిన జోకుల దుకాణం ఇప్పటికీ నడుస్తోంది.

శనివారం తలస్నానం. అమ్మ కుంకుడుకాయలు కొట్టి నానబెట్టేది, ఆ నురగ కంట్లో పడితే లోకం కనిపించేది కాదు. "అమ్మా, మండుతానయే" అని మొత్తుకుంటే, "మల్లన్న జుట్టు కొడుకా ఇది. మురికి పెట్టి ఇస్తమా దేవునికి?" అనేది. మెంతులు వేసి కాచిన కొబ్బరినూనె పెట్టి, మోకాళ్ళ మధ్య నన్ను బిగించి కూర్చోబెట్టుకొని, చిక్కు తీసి అల్లేది. అల్లుతూ చెప్పేది, "ఇది నీది కాదు. ఆయనది. నీ దగ్గర దాసిపెట్టుకున్నడు." దేవుడు ఎవరు, ఎక్కడుంటాడు, ఎందుకు కనపడడు, ఇవేవీ ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. నేను అబద్ధం చెబితే జడ చివర పట్టి చిన్నగా గుంజేది, "ఎనకనే ఉన్నడు, ఇంటాండు" అని. అంతే నాకు తెలిసిన భక్తి. దేవుడంటే నా వీపు మీద ఒక బరువు. బడికి పోయే దారిలో కుక్కలుండేవి, వాటిని దాటేటప్పుడు చెయ్యి వెనక్కి పెట్టి జడను పట్టుకునేవాణ్ణి. అది ఉంటే ఆయన ఉన్నట్టు.

చివరికి ఒక రోజు అమ్మ ఒక్కతే పరకాల బస్సెక్కి, మామ ఇంటి వాకిట్లో కూర్చొని, మంచినీళ్ళు కూడా ముట్టలేదట. మర్నాడు మామ వచ్చాడు. గుమ్మం బయట నిలబడి, చేతిలో గుడ్డలో చుట్టిన మేక తలకాయ ముందుకు చాపి, "బావా, ఇది నీదే ఉండె" అన్నాడు. బాపు మగ్గం గుంటలోంచి తలెత్తి చూశాడు. "కూసో" అన్నాడు. మా వంశంలో జరిగిన రాజీలన్నిటిలోకీ చిన్న మాట అదే. ఆ వారమే నాకు పక్కింటి పిల్ల పరికిణీ కట్టి, పూలజడ వేసి ఫోటో తీయించారు, జుట్టు పోయేముందు ఒక గుర్తుండాలని. ఆ మర్నాడే ఐనవోలు. గుడి దగ్గర అందరి నుదుళ్ళ మీద మల్లన్న పసుపు బండారి, గాలిలో కూడా పసుపు వాసన. మామ ఒడిలో బీడీ వాసన. కత్తి చల్లగా తగిలింది. జుట్టు మామ తువ్వాలలో పడింది, అందరూ దండం పెట్టారు, అమ్మ ముఖం నేను అంత తేలికగా ఎప్పుడూ చూడలేదు.

తిరుగు బస్సులో నేను వెక్కి వెక్కి ఏడ్చాను. "మొక్కు తీరె గద కొడుకా, ఎందుకేడుస్తానవ్?" అని అమ్మ అడిగింది. వీపు మీద చెయ్యి పెట్టి చూసుకున్నాను, అక్కడ ఎవరూ లేరు. మొక్కు తీరడమంటే ఆయన దిగిపోవడమని నాకెవరూ ముందు చెప్పలేదు. ఆ తర్వాత ఎన్ని గుళ్ళకు పోయానో, ఎన్ని కొబ్బరికాయలు కొట్టానో. కళ్ళు మూసుకొని నిలబడతాను, వీపు మీద తడుముకున్నట్టు మనసులో తడుముకుంటాను. ఆ బరువు మళ్ళీ తగల్లేదు. ఉన్నాడా లేడా అంటే నాకు తెలిసింది ఇంతే: ఒకప్పుడు ఉన్నాడు, నా జడలో ఉన్నాడు.

ఇది పెట్టుకొని నేను పిల్లకు దేవుడి గురించి చెప్పాలి. మా అమ్మకు చేతిలో ఒక జడ ఉండేది, నా చేతిలో ఏముంది? వైష్ణవి చిన్నప్పుడు "దేవుడికి ఆకలైతదా డాడీ?" అంటే, "అయితది బిడ్డా, కాని మనం పెట్టింది మనమే తింటం గదా, పాపం" అనేవాణ్ణి. నవ్వేది. నవ్వింది కదా, పని అయిపోయిందనుకునేవాణ్ణి. పూజ, నోము, ఉపవాసం అన్నీ నా భార్య స్వరూప చూసుకునేది. దేవుడి డిపార్ట్‌మెంటు ఆమెది, నవ్వించే డిపార్ట్‌మెంటు నాది అని మాలో మేం పంచుకున్నట్టు ఉండేది.

తొమ్మిదో తరగతిలో వైష్ణవికి డెంగీ వచ్చింది. హనుమకొండలో దవాఖానలో చేర్పించాం. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని పొద్దున ఒక మాట, మధ్యాహ్నం ఒక మాట. పిల్ల సోయిలో లేదు. నేను మెడికల్ షాపుకు, బ్లడ్ బ్యాంకుకు తిరుగుతూ, అక్కడ కూడా కనపడ్డవాళ్ళకు జోకులు చెప్తూ, అవి నా నోట్లోంచి వస్తుంటే నాకే అసహ్యమేసి తిరుగుతున్నాను. వరండాలో స్వరూప చీర చెంగులోంచి పసుపు ముక్క తీసి, కర్చీఫ్‌కు రుద్ది, అందులో రూపాయి బిళ్ళ పెట్టి ముడుపు కట్టింది. పెదవులు కదలడం చూశాను. పిల్ల లేచి కూర్చుంటే తలనీలాలు నీకే మల్లన్నా అని. పిల్ల లేచి కూర్చుంది.

నీరసం తగ్గాలి, పరీక్షలు కావాలి, ఎండలు పోవాలి అని వాయిదా పడుతూ పడుతూ, చివరికి ఒక ఆదివారం అన్నాలకు కూర్చున్నప్పుడు స్వరూప ఆ మాట తీసింది. వైష్ణవి ముద్ద నోటి దాకా తీసుకుపోయి ఆపింది.

"నా జుట్టు మీద నువ్వెట్ల మొక్కుతవ్ మమ్మీ? నన్ను అడిగినవా?"

"అడగనీకి నువ్వు సోయిల ఉన్నవా?"

"సోయిలకు వచ్చినంకనన్న అడగాలె గద. అయినా ప్లేట్‌లెట్లు ఎక్కిచ్చింది డాక్టర్. ఇస్తే ఆయనకియ్యాలె జుట్టు."

"ఆ డాక్టర్ కూడ నా లెక్కనే బట్టతలోడు బిడ్డా" అన్నాను నేను. "ఇస్తే సంతోషంగ అతికించుకుంటడు."

ఇద్దరూ నవ్వారు. స్వరూప కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. గండం గడిచిందనుకున్నాను. వైష్ణవి ముద్దను కంచంలో పెట్టి నా వైపు తిరిగింది.

"డాడీ, నువ్వు జర నవ్వియ్యకు. ఒక్కటి చెప్పు. నువ్వు నమ్ముతవా? నమ్ముత అంటె చెప్పు, రేపే పోదాం, గుండు చేయించుకుంట. మళ్ళ ఒక్క మాట మాట్లాడ."

స్వరూప అన్నం గిన్నె పట్టుకొని ఆగిపోయింది. నేను ఔనంటే పిల్ల జుట్టు పోతుంది, అదీ నాకే సరిగా తెలియని ఒక మాట మీద. కాదంటే స్వరూప దవాఖాన వరండాలో కట్టిన ముడుపు ఉత్త గుడ్డ ముక్క అయిపోతుంది. నా నోట్లోంచి బయటపడ్డది మళ్ళీ జోకే, "మీ అమ్మను నమ్ముత బిడ్డా. ఆమె వండింది తిని ఇన్నేండ్లు బతికి ఉన్న." ఈసారి ఎవరూ నవ్వలేదు. వైష్ణవి చెయ్యి కడుక్కొని లోపలికి పోయింది.

ఆ తర్వాత ఇంట్లో గొడవ ఏం లేదు, గొడవ ఉంటే బాగుండేది. పిల్ల తుమ్మితే స్వరూప పొయ్యి మీది కూర వదిలి వచ్చి నుదురు పట్టుకొని చూసేది. తల దువ్వుకున్నప్పుడు నేల మీద రాలిన వెంట్రుకలు ఊడ్చేయకుండా ఏరి ఒక కవర్లో దాచేది, అవి వేరేవాళ్ళ సొత్తు అన్నట్టు. వైష్ణవి అది చూసి జుట్టు దువ్వుకోవడమే తగ్గించింది. నేను మధ్యలో పడి, "ఆడపిల్ల కదా, మూడు కత్తెర్లు ఇస్తే సరిపోతదంటరు, అట్ల కానిద్దామా?" అన్నాను. "గిరాకీతోటి ఆడినట్టు దేవునితోటి బేరమాడుతానవా?" అంది స్వరూప. "మొక్కింది గుండు." ఆ మాటలో మా అమ్మ వినపడింది నాకు.

ఒక సాయంత్రం కొట్టు తొందరగా మూసి వచ్చి, ఈ ఫోటోనే దించి, వైష్ణవి పక్కన కూర్చున్నాను. ఈ రోజు జోకు వేయొద్దని దారి పొడుగునా నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. "చిన్నప్పుడు నా వీపు మీద బిడ్డా..." అని మొదలుపెట్టాను. ఆమె పుస్తకం మూసి, నిజంగానే వినడానికి కూర్చుంది. "ఒక బరువుండేది" అన్నాను. "జుట్టు బరువా?" అంది. కాదు అనాలి. కాదు అని, కుక్కల సంగతి, బస్సులో ఏడ్చిన సంగతి చెప్పాలి. నా నోరు మాత్రం, "మరి? మీ నాయనమ్మ నూనె తక్కువ పెడతదా, జడ పిండితే పకోడీలు ఏసుకోవచ్చు" అంది. ఆమె చిన్నగా నవ్వి పుస్తకం తెరిచింది. ఏడో తరగతితో చదువు ఆపినవాడికి ఎన్ని మాటలు తెలుసో అన్నీ నాకు తెలుసు. ఆ ఒక్కదానికి మాత్రం మాట దొరకలేదు. మా కాలంలో పిల్లల్ని అడిగేవాళ్ళు కాదు. అడగలేదు కాబట్టే నాకు దేవుడు దొరికాడేమో. ఇప్పటి పిల్ల నన్నడగండి అంటోంది. అదీ న్యాయమే. రెండు న్యాయాల మధ్య నేను జంపకానాలు మడతపెడుతూ కూర్చున్నాను.

చివరికి వైష్ణవే, "పోదాం పాండ్రి. అక్కడికి పోయినంక చూద్దాం" అంది. ముగ్గురం ఆటోలో ఐనవోలు పోయాం. తలనీలాలు తీసే షెడ్డులో తడి నేల, పసుపు వాసన, పిల్లల ఏడుపులు. పిల్ల వంతు వచ్చేసరికి నాకు కాళ్ళు ఆగలేదు. ముందుకు దూకి పీట మీద నేను కూర్చున్నాను. పిల్ల బదులు తండ్రి ఇస్తే దేవుడు కాదంటాడా అని. మంగలాయన కత్తి పట్టుకొని నా తల చుట్టూ ఒకసారి చూశాడు.

"అన్నా, ఏం గీకాలె? నీది ఎప్పుడో ముట్టింది ఆయనకు."

షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను, అలవాటు కదా. నవ్వుతూనే ఉన్నాను గాని పీట మీది నుంచి లేవలేదు. బిడ్డ కోసం ఇవ్వడానికి ఒక్క పిడికెడు వెంట్రుకలు లేని తండ్రిని. అప్పుడు స్వరూప నా భుజం పట్టి పక్కకు జరిపి, తను కూర్చొని, ముడి విప్పింది. ఆమె జుట్టు పీట దాటి నేలకు తగిలింది. పెళ్ళిచూపుల్లో నేను చూసింది ఆ జుట్టునే.

"మమ్మీ, లే" అంది వైష్ణవి. "నేను కూసుంట. నిజంగనే."

"నువ్వు నమ్మక కూసుంటె ఆయన ఏం చేసుకుంటడు బిడ్డా? నా బాధ చూడలేక కూసుంటానవ్. నోటితోటి మొక్కింది నేను, నాకు తలకాయ లేదా? జర ఎనుకకు జరుగు, నీళ్ళు పడతయ్."

వైష్ణవి జరగలేదు. తల్లి చేతిలోంచి పిన్నులు ఒక్కొక్కటే తీసుకొని పిడికిట్లో పట్టుకొని, అక్కడే నిలబడి ఏడుస్తూ చూసింది. ఎవరైనా ఏదైనా పని చెబుతారేమోనని చూశాను. ఎవరూ చెప్పలేదు. వాళ్ళిద్దరి చెప్పులు చేతిలో పట్టుకొని నిలబడ్డాను. నా దుకాణంలో ఆ రోజు ఒక్క జోకు కూడా లేదు.

తిరిగి వచ్చేటప్పుడు వైష్ణవి తన చున్నీ విప్పి తల్లి గుండుకు చుట్టింది. ఆటో కుదుపులకు స్వరూప కూతురి భుజం మీద వాలి నిద్రపోయింది. దవాఖాన తర్వాత ఆమె అంత నిశ్చింతగా నిద్రపోవడం అదే మొదటిసారి, నోరు కొంచెం తెరిచి, చిన్నపిల్లలాగా. నాకు ధైర్యం వచ్చింది. ఇదిగో, ఇన్నాళ్ళూ దొరకని మాట ఇక్కడే దొరికిందనుకున్నాను.

"చూసినవా బిడ్డా," అన్నాను మెల్లగా, "నమ్మకమంటే ఇదే."

వైష్ణవి తల్లి నిద్ర చెడకుండా, కదలకుండా, అంతే మెల్లగా అంది, "ఇది మమ్మీది డాడీ. నేను నీది అడిగిన."